నా కాగితం మీద వాళ్ళ ఒకటి

ముందే చెప్పేస్తాను. ఎన్నికల్లో మా పార్టీ టికెట్టు ఆయనకే వచ్చింది. వెర్రిబీ స్టేషను దగ్గర కంచెకు ఆయన ఫొటో కట్టారు. రెండు చేతులూ జోడించి నవ్వుతూ ఉంటాడు. రోజూ ఆ నవ్వు ముందే నిలబడి పనికి బస్సెక్కుతాను. ఓడిపోయి ఉంటే ఇది రాసేదాన్ని కాదు. ఓడిన మనిషిని ఇంకా ఎందుకు తిట్టడం అని ఊరుకునేదాన్ని. గెలిచాడు కాబట్టి రాస్తున్నాను.

రాయడం నాకు అలవాటు లేదు. చదివింది నాలుగో తరగతి. ఐదుకు పుస్తకాలు కొన్న నెలకే మా అమ్మ నన్ను పొగాకు గ్రేడింగుకు తీసుకుపోయింది. ఒంగోలు చుట్టుపక్కల మా ఊళ్ళ ఆడవాళ్ళకు అదే పని. ఈ కాగితాలు ఇప్పటికి మూడుసార్లు చించేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మా అమ్మాయికి చూపిద్దామంటే దానికి తెలుగు మాట్లాడటమే కష్టం, చదవడం అసలు రాదు. అందుకని తప్పులన్నీ నావే. చదివేవాళ్ళు సర్దుకోవాలి.

గ్రేడింగు గురించి కొంచెం చెప్పాలి. బట్టీ వేడికి ఆరబెట్టిన పొగాకు ఆకులు గుట్టగా పోసి ముందు పెడతారు. ఆకు చేతిలోకి తీసుకోగానే రంగు చూడాలి, మందం చూడాలి, మచ్చలు చూడాలి. ఒకటో రకం ఇటు, రెండో రకం అటు, మూడో రకం వెనక్కి. ఆలోచించే టైము ఉండదు. నా పక్కన ఒక ముసలమ్మ కూర్చునేది. నేను ఇంట్లో తన్నులు తిని ఏడుపు ముఖంతో వచ్చిన రోజు నా చేతిలో ఆకు లాగేసుకుని, "పోయి నీళ్ళు తాగి రా. అప్పుడు పట్టుకో ఆకు. నీ కోపమంతా ఆకు మీద పెట్టి మంచిదాన్ని మూడులో పడేస్తన్నావు" అనేది.

ఈ పరాయి దేశం వచ్చాక కూడా అదే పని దొరికింది. మా ఆయన వెల్డరు. ఆయన వీసా మీద నేనూ, అమ్మాయీ వచ్చాం. వెర్రిబీ దక్షిణాన కూరగాయల తోటలున్నాయి. అక్కడ ఒక షెడ్డులో కాలీఫ్లవర్లు గ్రేడు చేస్తాను. తెల్లగా గట్టిగా ఉన్నవి ఒకటి, కొంచెం పసుపు తిరిగినవి రెండు, విచ్చుకుపోయినవి మూడు. పెట్టె మీద లావు పెన్నుతో నంబరు నేనే రాస్తాను. ఎన్ని పెట్టెల మీద ఎన్ని ఒకట్లు రాశానో లెక్కలేదు. నా ఒకటి నిలువు గీత. పైన టోపీ ఉండదు, కింద పీట ఉండదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఆయన సంగతి. పేరు రాయను. మా తెలుగు సంఘానికి పెద్ద. ఇళ్ళు అమ్మే వ్యాపారం. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన భార్యను వదినగారూ అంటాను. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. మా ఆయన చెయ్యి వెల్డింగు షాపులో కాలినప్పుడు ఆయనే కారులో ఆసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరు ఇంగ్లీషులో చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పి, నా ప్రశ్నలు డాక్టరుకు చెప్పి, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చున్నాడు. ఆ మేలు నేను మర్చిపోలేదు. ఇంత జరిగాక కూడా మర్చిపోలేదు. అదే నా బాధ.

ఒక ఉగాది ఫంక్షనులో ఆయన మా అందరి చేత ఒక పార్టీలో చేరే ఫారాలు నింపించాడు. "మనోళ్ళు లోపలికి పోకపోతే మన మాట ఎవడూ వినడు" అన్నాడు. నిజమే కదా అనిపించింది. నా ఫారం నేనే నింపుకున్నాను. ఇంగ్లీషులో నా పేరు, అడ్రసు, సంతకం. కార్డు వచ్చిన రోజు ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

ఆ తర్వాత మా ప్రాంతానికి రాష్ట్ర ఎన్నికలు దగ్గర పడ్డాయి. మన దగ్గర టికెట్టు పైనుంచి వస్తుంది. ఎవరో ఒకరు హైదరాబాదు పోయి తెచ్చుకుంటారు. ఇక్కడ అట్లా కాదట. మా పార్టీ తరఫున ఎవరు నిలబడాలో ఈ చుట్టుపక్కల పార్టీ మెంబర్లు ఓటేసి తేలుస్తారట. ఓటు కాగితం ఇంటికే పోస్టులో వస్తుంది. ముగ్గురు పోటీలో ఉంటే ముగ్గురి పేర్లుంటాయి. బాగా నచ్చినవాళ్ళ గడిలో ఒకటి, తర్వాతవాళ్ళకు రెండు, ఆ తర్వాతవాళ్ళకు మూడు. ఏ గడీ ఖాళీ వదలకూడదు.

ఇది విని నాకు నవ్వొచ్చింది. నా జన్మంతా చేసిన పని ఇదే కదా అనుకున్నాను.

పోటీలో మొదటి మనిషి మా అన్నయ్యగారు. రెండో మనిషి ఒక తెల్లామె, ఇంతకుముందు ఆసుపత్రిలో నర్సు. ఆమె ఒకరోజు మా షెడ్డు గేటు దగ్గరికి వచ్చింది. మేం టీ తాగే టైములో నిలబడి, శనివారం పనికి ఎట్లా వస్తున్నారని అడిగింది. శనివారం ఆ వైపు బస్సు లేదు. నేను నా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలో మాట దొరక్క ఆగిపోయాను. ఆమె ఆ మాట తను అందించలేదు. గడియారం చూసుకోలేదు. నేను వెతుక్కుని చెప్పేదాకా ఆగింది. చెప్పాక పుస్తకంలో రాసుకుంది. మూడో మనిషి సిటీ నుంచి పంపిన ఒక కుర్రవాడు. అతని ఫొటో వేసిన మెరిసే ప్రచార కాగితం మా పోస్టు డబ్బాలో పడింది. మనిషి మాత్రం కనబడలేదు.

నేను అన్నయ్యగారికే ఒకటి వేద్దామనుకున్నాను. ఇది కూడా గుర్తుంచుకోండి. ఆయనకే.

కవరు వచ్చిన రోజే వాట్సాప్‌లో ఆయన మెసేజి వచ్చింది. ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం, అందరూ రావాలి, వచ్చిన కవర్లు తెరవకుండా తెచ్చుకోండి అని. నాకు వదినగారి నుంచి వేరే ఫోను.

"వదినా, ప్రసాదం నీ చేత్తో చేస్తేనే కుదురుద్ది. తొమ్మిదింటికల్లా వచ్చెయ్. పులిహోర కూడా చూసుకో."

ఎప్పుడు ఏ పూజ అయినా వంట నాదే. నాకు అది బాగానే ఉండేది. ఎవరైనా పిలిచి పని చెప్తే మనల్ని మనుషుల్లో లెక్కేసినట్టు అనిపిస్తుంది కదా.

కవరు తెరవకుండా ఉండలేకపోయాను. ఆవిరి పెట్టి మెల్లగా తెరిచి చూశాను. లోపల ముగ్గురి పేర్లున్న కాగితం ఒకటి, సంతకం పెట్టాల్సిన చిన్న కవరు ఒకటి, తిరిగి పోస్టు చేసే పెద్ద కవరు ఒకటి. గడుల మీద వేలు పెట్టి చూశాను. అప్పుడే రాసేయొచ్చు. కానీ నాకొక ఆశ పుట్టింది. వ్రతం రోజు ఆయన ఇంట్లో, ఆయన కళ్ళ ముందే ఒకటి వేయాలని. ఆసుపత్రిలో ఆయన చేసిన దానికి నేను ఇచ్చుకోగలిగింది అదొక్కటే. కవరు మళ్ళీ అంటించేశాను. చూసి సంతోషిస్తాడని కొత్త పెన్ను కూడా కొని బ్యాగులో పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పెన్ను మీద కూడా కోపం వస్తుంది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి రవ్వ వేయించి, అరటిపళ్ళు కలిపి ప్రసాదం చేశాను. పులిహోర కలిపాను. జనం వచ్చారు. హాల్లో పీట మీద దేవుడు, పంతులుగారు, పీటల మీద దంపతులు. పూజ మొదలు కాకముందు వదినగారు పెద్ద వెండి పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ దగ్గరికి వచ్చింది. పళ్ళెంలో పసుపు, కుంకుమ, తమలపాకులు. వాటి పక్కన మగవాళ్ళ దగ్గర అప్పటికే తీసుకున్న కవర్ల దొంతర.

"దేవుడి దగ్గర పెడదాం. మంచి జరుగుద్ది" అంది.

ఒక్కొక్కరికీ బొట్టు పెట్టింది, కవరు తీసుకుంది. ఆమే దాన్ని తెరిచి లోపలున్న సంతకం కవరు చేతికిచ్చింది, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. అందరూ పెట్టారు. నా దగ్గరికి వచ్చింది. నేను బొట్టు పెట్టించుకున్నాను. సంతకం పెట్టాను.

"ఒకటీ రెండూ ఎప్పుడు రాయాలి వదినగారూ?" అని అడిగాను.

"రాసేదేముంది? నువ్వు సంతకం పెట్టు, చాలు."

బొట్టు పెట్టిన చేత్తో పళ్ళెం ముందుకు చాపింది. పసుపు కుంకుమలున్న పళ్ళాన్ని వద్దని ఎట్లా అంటాను? పుట్టినప్పటి నుంచి అనలేదు. నా చేత్తో నేనే అందులో పెట్టాను. ఎవరూ లాక్కోలేదు. ఇది నా తప్పు. దాచను.

పళ్ళెం దేవుడి ముందుకు పోయింది. పంతులుగారు మంత్రాలు మొదలుపెట్టారు. పళ్ళెం మళ్ళీ ఎప్పుడు లేచిపోయిందో నేను చూడలేదు. కథ జరుగుతుండగా వదినగారు నాకు సైగ చేసింది, ప్రసాదం పంచడానికి స్టీలు గిన్నెలు పక్క గదిలో ఉన్నాయని. వెళ్ళి తలుపు తీశాను.

గదిలో బల్ల దగ్గర అన్నయ్యగారి బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. సంతకాల కవర్లన్నీ ఒక పక్క, ఓటు కాగితాలన్నీ ఇంకో పక్క. చేతిలో పెన్ను. ఒక కాగితం తీస్తున్నాడు, ఒకటి రెండు మూడు వేస్తున్నాడు, బోర్లా పెడుతున్నాడు. ఇంకోటి తీస్తున్నాడు. నేను షెడ్డులో చేసినట్టే, అదే స్పీడు. కాకపోతే నేను పువ్వు వంక చూసి వేస్తాను. అతను దేని వంకా చూడటంలేదు.

అతని ఒకటికి పైన టోపీ, కింద పీట. అన్ని కాగితాల మీదా అదే ఒకటి.

"గిన్నెలా అక్కా? ఆ అల్మారాలో ఉన్నయ్" అన్నాడు తల ఎత్తకుండా.

"నా కాగితం ఏదీ?" అన్నాను.

"ఏ కాగితం?"

"నా ఓటు కాగితం. నాకివ్వండి. నేను రాసుకుంటా."

అప్పుడు తలెత్తాడు. "ఏది నీదో ఎట్టా తెలుస్తది అక్కా? అన్నీ ఒకటే. అయిపోయినయ్యి కూడా. పో, నీకెందుకు ఈ తలనొప్పి?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నా కాగితం నాకివ్వమంటన్నా!" అని అరిచాను. హాల్లో కథ ఆగింది. అన్నయ్యగారు పట్టుపంచెతో, నుదుటిన బొట్టుతో పీట మీద నుంచి లేచి వచ్చాడు. పీట మీద నుంచి మధ్యలో లేవకూడదు. నా కోసం కాదు, నా నోరు మూయించడానికి లేచాడు.

"ఏంది చెల్లెమ్మా? లోపల కథ జరగతా ఉంటే ఈ గొడవేంది?"

"నా ఓటు ఆయన రాస్తన్నాడన్నయ్యగారూ."

"రాస్తే ఏమైంది? ఇంతకీ నువ్వు ఎవరికేద్దామనుకున్నావు?"

"మీకే."

"ఒకటి నాకేనా?"

"మీకే."

"మరింకేంది గొడవ?" అని చేతులు చాపి అందరి వంకా తిరిగాడు. తలుపు దగ్గర చేరినవాళ్ళంతా నవ్వారు. నవ్వనివాళ్ళు లేరు. మా ఆయన కూడా నేల చూస్తూ నవ్వాడు.

నాకు ఇంకా చెప్పడం రాలేదు. ఏం చెప్పాలో లోపల ఉంది, మాట దొరకలేదు. ఆ నర్సు అయితే ఆగి ఉండేది. ఈయన ఆగలేదు. నా భుజం మీద చెయ్యేసి మెల్లగా, అందరికీ వినపడేట్టు అన్నాడు.

"చూడు చెల్లెమ్మా, ఒకటీ రెండూ తారుమారైతే ఓటు మురిగిపోద్ది. నాలుగో తరగతి చదువుకున్నోళ్ళను ఇబ్బంది పెట్టటం ఎందుకని మేమే చేస్తన్నాం. మీ మంచికే గదా?"

నేను గ్రేడు వేసి పంపిన కాలీఫ్లవర్లు ఈ ఊరంతా తింటోంది. ఆయన ఇంట్లోనూ తింటున్నారు. ఒకటీ రెండూ నాకు రావట.

బల్ల దగ్గరికి పోయి సంతకాల కవర్లు తిరగేశాను. బామ్మర్ది అడ్డం పెట్టిన చెయ్యి తోసేశాను. నా సంతకం నాకు తెలుసు. ఆ కవరు తీసి బ్యాగులో పెట్టుకున్నాను. కాగితం ఏదో తెలియదు, సంతకమన్నా నాది.

హాల్లోంచి చెప్పుల దగ్గరికి పోతుంటే వదినగారు వెనక నుంచి గట్టిగా అంది. "ప్రసాదం తీసుకోకుండా పోతన్నావు. ఏమౌద్దో ఇప్పుడేగా కథలో విన్నావు."

అంటే మొగుడికి ఏదో అవుతుందని. చెయ్యి కాలిన మొగుడికి. నేను వెనక్కి వచ్చాను. దేవుడి ముందు కూర్చున్నాను. మిగిలిన కథంతా అయ్యేదాకా కూర్చున్నాను. ఎవరూ నా పక్కన కూర్చోలేదు. నేను చేసిన ప్రసాదం నేనే దోసిట్లో పట్టుకుని, కళ్ళకద్దుకుని తిన్నాను. దేవుడితో నాకు గొడవ లేదు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

ఇంట్లోకి వచ్చాక మా ఆయన మొదలుపెట్టాడు.

"నా చెయ్యి కాలిననాడు ఎవుడొచ్చాడే? నీ నర్సు వచ్చిందా?"

"ఆయనే వచ్చాడు. అందుకేగా ఒకటి ఆయనకేద్దామనుకుంది."

"ఆయనకే పడిందిగా మరి!"

"నేనెయ్యలేదుగా!"

"ఎవురేస్తే ఏందే? చిప్పలో పడేది అదే అన్నం."

"నీ అన్నం నేను తింటే నీ కడుపు నిండుద్దా?" అన్నాను. ఆయన రిమోట్ అందుకున్నాడు. టీవీ పెట్టుకున్నాడు.

మా అమ్మాయి ఆసుపత్రిలో పనికి సిడ్నీ పోయింది, వెస్ట్‌మీడ్‌లో అద్దెకుంటుంది. ఫోనులో దానికి కవరు మీద ఉన్నదంతా ఫొటో తీసి పంపాను. చదివి, "మమ్, ఇది నువ్వే ఫిల్ చెయ్యాలి. వేరేవాళ్ళకి ఇవ్వకూడదు అని క్లియర్‌గా రాసుంది. దిస్ ఈజ్ నాట్ ఓకే, మమ్" అంది. కాగితం పాడైతే ఇంకోటి ఇస్తారని, ఒక ఫారం నింపి ఆఫీసుకు పంపాలని చెప్పింది. ఆ ఫారంలో ఒక గీత ఉంది. ఎందుకు కావాలో కారణం రాయాలి.

మర్నాడు పని నుంచి వచ్చి ఆ ఫారం ముందు కూర్చున్నాను. మా ఆయన టీ తెచ్చి పక్కన పెట్టాడు. ఆయన ఎప్పుడూ టీ తేడు.

"కాఫీ ఒలికిందని రాయి" అన్నాడు.

"మనం కాఫీ తాగం కదా."

"టీ ఒలికిందని రాయవే తల్లీ! ఇంకో కాగితం వస్తది. నీ ఇష్టమొచ్చినోళ్ళకి ఏసుకో. నేను కూడా అడగను. ఆ గది సంగతి మాత్రం రాయబాక. రేపు ఆ ఇంటి ముందు నుంచి పోవాలి మనం. ఒక సాయం కావాలన్నా, ఒక మాట మాట్లాడాలన్నా, ఈ ఊళ్ళో మనకి వాళ్ళు తప్ప ఎవరున్నారు?"

ఆయన చెప్పింది తప్పు కాదు. ఇరవై ఇళ్ళవాళ్ళు. పండగైనా, జ్వరమైనా వాళ్ళే. టీ ఒలికిందని రాస్తే నా కాగితం నాకొస్తుంది, అందరూ బాగుంటాం. పెన్ను మూత తీశాను. అది వ్రతానికని కొన్న పెన్నే.

కానీ టీ ఒలికిందని రాస్తే, ఒలకబోసింది నేనవుతాను. నాలుగో తరగతి మనిషి, కాగితం పాడుచేసుకుంది, చెప్పలా మేము, అంటారు. వాళ్ళు అన్న మాట నా చేత్తో నేనే నిజమని రాసినట్టు. ఆ ఆలోచన రాగానే ఒళ్ళు మండింది.

ఇంగ్లీషులో మూడు ముక్కలు రాశాను. నా కాగితం నేను రాయలేదు. వేరే మనిషి రాశాడు. నేను రాసుకోవడానికి నాకొక కాగితం కావాలి. అమ్మాయికి ఫోనులో చదివి వినిపిస్తే, "మమ్, గ్రామర్ సరిచేసి పంపనా?" అంది. వద్దన్నాను. దీన్నన్నా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను.

సంతకం ఉన్న ఖాళీ కవరు కూడా దాంతో కలిపి పోస్టు చేశాను.

నాలుగో రోజు పార్టీ ఆఫీసు నుంచి ఒక మనిషి ఫోను చేశాడు. ఎవరు రాశారు, ఎక్కడ, ఎన్ని కాగితాలు అని అడిగాడు. చూసింది చూసినట్టు చెప్పాను. వచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది. తర్వాత తెలిసింది, పోస్టులో వచ్చిన ఓట్లలో ఒకే చేతిరాత ఒకట్లు ఉన్న కాగితాలు కట్టగా దొరికాయట. ఎవరు రాశారో తేల్చలేమన్నారట. పోస్టు ఓట్లన్నీ పక్కన పెట్టి, ఒక స్కూలు హాల్లో శనివారం మళ్ళీ ఓటింగు పెట్టారు. ఎవరి ఓటు వాళ్ళే వచ్చి, కార్డు చూపించి వేయాలి. ఆయన పోటీలోనే ఉన్నాడు. ఆయనకేం కాలేదు.

అయింది మాకు. వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు, మా ఆయన్నీ తీసేశారు. ఒక పెద్దావిడ ఫోను చేసి, "మనోడు పైకొస్తంటే చూడలేకపోయావా? తెల్లోళ్ళ కాడికి పోయి చెప్తావా మనింటి సంగతి?" అంది.

"మనింటి సంగతి కాదు పిన్నిగారూ, నా ఓటు సంగతి" అన్నాను.

"ఓటంట, ఓటు! నీకెందుకే ఓటు, పులిహోర కలుపుకోక!" అని పెట్టేసింది.

ఇట్లాంటివి ఇంకా వచ్చాయి. అన్నీ రాస్తే నా చెయ్యి నొప్పి పుడుతుంది. ఒక్క ఫోను మాత్రం చెప్తాను. వ్రతంలో నా పక్కన కూర్చున్న ఒకామె, ఇంట్లోవాళ్ళు వినకుండా గుసగుసగా మాట్లాడింది. "అక్కా, మూడు గడులూ నింపకపోతే చెల్లదా?" అని అడిగింది. చెల్లదని చెప్పాను. ఎట్లా నింపాలో చెప్పాను. ఎవరికి వేయాలో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

శనివారం బస్సు లేదు. మా ఆయన కారు తీశాడు. దారంతా గొణుగుతూనే ఉన్నాడు. హాలు దగ్గర ఆపి తనూ దిగాడు.

"నువ్వు రానంటివిగా" అన్నాను.

"నాది కూడా ఆ పళ్ళెంలోనే పొయ్యిందిగా" అన్నాడు, నా ముఖం చూడకుండా.

గుమ్మం బయట అన్నయ్యగారు చొక్కా మీద బ్యాడ్జీ పెట్టుకుని వచ్చేవాళ్ళకు నమస్కారాలు పెడుతున్నాడు. మాకూ పెట్టాడు. ఆ తెల్లామె కొంచెం దూరంగా నిలబడి ఉంది. సిటీ కుర్రవాడు ఆరోజు కూడా రాలేదు, కాగితాలు పంచడానికి ఎవరినో పంపాడు.

లోపల కార్డు చూపించాను. పేరు కొట్టేసుకుని కాగితం ఇచ్చారు. అట్ట గోడల మధ్య చిన్న బల్ల. తాడు కట్టిన పెన్సిలు. కాగితం పరిచాను. ఆయన పేరు చూడగానే మూడు వేసేద్దామనిపించింది. మూడు. విచ్చుకుపోయిన పువ్వు. ఆ నవ్వులన్నీ చెవుల్లో మోగుతున్నాయి. పెన్సిలు గడి మీద పెట్టాను కూడా.

పెట్టి, తీసేశాను. అట్ట గోడల బయటికి వచ్చి, నీళ్ళెక్కడున్నాయని సైగతో అడిగాను. ఓటు కాగితం బయటికి తీసుకుపోకూడదని అక్కడి మనిషి కంగారుపడ్డాడు. కాగితం ఆయన చేతికి కూడా ఇవ్వలేదు, ఈసారి ఎవరి చేతిలోనూ పెట్టదలచుకోలేదు. బల్ల మీదున్న సీసా చూపిస్తే ఆయనే గ్లాసులో పోసిచ్చాడు. కాగితం ఛాతీకి ఆనించుకుని అక్కడే నిలబడి తాగాను. మళ్ళీ లోపలికి పోయాను.

ఇప్పుడు చూశాను, ఆకు చూసినట్టు. ఆసుపత్రి కుర్చీలో సాయంత్రం దాకా కూర్చున్న మనిషి, ఆ గదిలో నా భుజం మీద చెయ్యేసి ఆ మాట అన్న మనిషి ఒకరే. రెండూ లెక్కలోకి రావాలి. నా నోట్లో మాట కోసం ఆగినామె ఇంకొకరు. ఎప్పుడూ రానివాడు ఇంకొకడు. రానివాడిని ఈయనకన్నా పైన ఎట్లా పెడతాను? కోపం నన్ను పెట్టమంది. నేను పెట్టలేదు.

ఆమెకు ఒకటి వేశాను. నిలువు గీత. ఆయనకు రెండు. రానివాడికి మూడు.

బయటికి వస్తుంటే అన్నయ్యగారు ఎదురొచ్చాడు. చుట్టూ మనవాళ్ళు పదిమంది దాకా ఉన్నారు. వాళ్ళకు వినపడాలనే కాబోలు, నవ్వుతూ గట్టిగా అడిగాడు.

"ఏం చెల్లెమ్మా, కోపం పోయిందా? ఎంతైనా మన అన్నే గదాని ఒకటి నాకేశావా లేదా?"

ఎవరికి వేశామో చెప్పక్కర్లేదు ఇక్కడ. అమ్మాయి ముందే చెప్పింది. అయినా చెప్పాను.

"కోపం పోలేదన్నయ్యగారూ. మీకు రెండేశాను."

నవ్వు అట్లాగే ఉంది ముఖం మీద, కళ్ళు మాత్రం మారాయి. "రెండా?" అన్నాడు.

"రెండు. మూడేద్దామనుకుని, నీళ్ళు తాగొచ్చి రెండేశాను. ఆ రోజు ఒకటి మీ బామ్మర్ది రాశాడు. ఈ రెండు నేను రాశాను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఆయన కారు దగ్గర నిలబడి తాళాలు తిప్పుకుంటున్నాడు. ఎక్కి కూర్చున్నాక, "నువ్వెవరికేశావు?" అని అడిగాను.

"నీకెందుకు చెప్పాలి?" అన్నాడు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.